పెద్దవాళ్ల అలారం బటన్: నొక్కితే వచ్చేదెవరు?

ఇంట్లో ఒంటరిగా ఉన్న వృద్ధులు జారిపడినప్పుడు ప్రమాదం రెండు విడతలుగా వస్తుంది. తుంటి ఎముక విరగడం, తలకు దెబ్బ తగలడం మొదటిది. పడ్డచోటు నుంచి లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం రెండోది. వైద్యులు దీన్ని 'లాంగ్ లై' అంటారు. గంట దాటితే దీన్ని ప్రమాదకరంగానే లెక్కిస్తారు. శరీరం బరువంతా ఒకేవైపు పడటంతో అక్కడి కండరాలకు రక్తం అందక కణాలు దెబ్బతింటాయి. వాటి నుంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి చేరి మూత్రపిండాలను పాడుచేస్తుంది. నేలకు ఆనిన చోట చర్మం కమిలి పుండ్లు పడతాయి. ఒంట్లో నీరు తగ్గుతుంది, కొందరికి న్యుమోనియా కూడా వస్తుంది. అంటే ఒక్క ఎముకా విరగకపోయినా మనిషి ప్రాణం మీదికి రావచ్చు.

మెడలో వేసుకునే అలారం బటన్లు, చేతి గడియారాలు, గోడకు బిగించే సెన్సర్లు అన్నీ ఈ రెండో ప్రమాదాన్ని తగ్గించడానికి ఉద్దేశించినవే. ఇవి పడిపోవడాన్ని ఆపలేవు. జారని నేల, రాత్రిపూట వెలుగు, బాత్రూంలో పట్టుకునే కడ్డీ చేసే పని వేరు, బటన్ చేసే పని వేరు. 1970లలో జర్మనీ, అమెరికాల్లో మొదలైన ఈ పరికరాల రూపం ఎంత మారినా లోపలి అమరిక అదే: సాయం అడిగే బటన్, ఆ పిలుపును మోసుకెళ్లే దారి, పిలుపు విని వచ్చే మనిషి. కొనేవాళ్లు ఎక్కువగా మొదటిదాన్నే చూస్తారు. బటన్ అందంగా ఉందా, ధర ఎంత, గుండె వేగం కూడా చెబుతుందా అని అడుగుతారు. ఎంపిక చివరి భాగం నుంచి వెనక్కి జరగాలి.

పరికరం ఉంది, వాడలేదు

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్లు దాటిన 110 మందిని ఏడాదిపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఆ ఏడాదిలో పడిపోయినవారు 66 మంది. వారిలో 53 మంది కనీసం ఒకసారి ఎవరి సాయమూ లేకుండా లేవలేకపోయారు. 20 మంది గంట, ఆ పైన నేల మీదే ఉండిపోయారు. అలారాలు చాలామందికి అందుబాటులో ఉన్నాయి. అయినా ఎక్కువసేపు పడి ఉన్న సందర్భాల్లో అధికభాగం వాటిని వాడనే లేదు.

కారణాలు ఊహకు అందనివేమీ కావు. పరికరం మంచం పక్కన మేకుకు వేలాడుతుంటుంది. లేదా స్నానానికి వెళ్తూ తీసి గూట్లో పెడతారు. ఒంటి మీదే ఉన్నా, 'ఇంత రాత్రివేళ వాళ్లనెందుకు లేపడం, కాసేపట్లో నేనే లేస్తా' అనుకునేవారు ఉంటారు. మెడలో ప్లాస్టిక్ బిళ్ల వేసుకుంటే రోగిలా కనిపిస్తానన్న సంకోచం మరికొందరిది. అందుకే పిల్లలు తాము మెచ్చిన పరికరం కొని చేతిలో పెట్టడం కంటే, పెద్దవాళ్లను అడిగి ఎంచుకోవడం మేలు. జీవితమంతా గడియారం పెట్టుకున్న నాన్నగారికి గడియారమే నప్పుతుంది. గాజులు తప్ప చేతికి ఇంకేదీ సహించని అమ్మమ్మకు మెడలో దారం నప్పవచ్చు.

వచ్చే మనిషి

అమెరికాలో బటన్ నొక్కితే సాధారణంగా నెలవారీ రుసుముతో నడిచే కాల్ సెంటర్ పలుకుతుంది. అక్కడి ఆపరేటర్ మాట్లాడి, అవసరమైతే అంబులెన్స్‌ను పంపుతారు. మన దగ్గర కొన్ని నగరాల్లో ప్రైవేటు సంస్థలు ఇలాంటి సేవ ఇస్తున్నాయి. వాటిని ఎంచుకునేముందు రాత్రి రెండు గంటలకు ఒకసారి ఫోన్ చేసి చూడటం మంచి పరీక్ష. ఎవరు ఎత్తారు, తెలుగులో మాట్లాడగలిగారా, అంబులెన్స్ వాళ్లదేనా లేక వాళ్లూ 108కే చేస్తారా అన్నది అప్పుడే తేలుతుంది. నొప్పితో, భయంతో ఉన్న మనిషి రాని భాషలో చిరునామా చెప్పలేరు.

చాలా ఇళ్లలో బటన్ నొక్కితే వెళ్లేది సొంతవాళ్ల ఫోన్లకే. సిమ్ ఉన్న పరికరాలు ముందే పెట్టుకున్న కొన్ని నంబర్లకు వరుసగా కాల్ చేస్తాయి. ఇక్కడ చూడాల్సిన చిన్న విషయం ఒకటుంది. మొదటి నంబరు వాయిస్ మెయిల్‌కు వెళితే కొన్ని పరికరాలు 'ఎవరో ఎత్తారు' అనుకుని ఆగిపోతాయి. ఫోన్ ఎత్తినవారు ఒక అంకె నొక్కి ఖాయం చేసేదాకా తర్వాతి నంబర్లకు ప్రయత్నించేదైతే నమ్మకం ఎక్కువ.

నంబర్ల వరుసలో మొదట ఉండాల్సింది ఎక్కువ ప్రేమ ఉన్నవారు కాదు, నడిచి రాగల దూరంలో ఉన్నవారు. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. ఇక్కడ అర్ధరాత్రి అయితే అక్కడ పట్టపగలు కాబట్టి పిల్లలు మేలుకునే ఉంటారు, ఫోన్ ఎత్తుతారు. కానీ అక్కడి నుంచి 108 నొక్కితే కలవదు. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలై దేశంలో చాలా రాష్ట్రాలకు పాకిన ఆ సేవను, అలాగే 112ను, ఇక్కడి ఫోన్ నుంచే పిలవాలి. విదేశంలో ఉన్నవారి దగ్గర పక్కింటివారి పది అంకెల నంబరు, వాచ్‌మన్ నంబరు, దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగం నంబరు ఉండాలి. వృద్ధుల కోసం ఉన్న 14567 ఎల్డర్ లైన్ సమాచారం, సలహా, వేధింపుల ఫిర్యాదుల వంటి వాటికి పనికొస్తుంది. అది అంబులెన్స్ నంబరు కాదు.

ఇక తలుపు. పరికరాల ప్రకటనల్లో ఎక్కడా కనిపించని ఈ వస్తువే చాలాసార్లు అసలు ఆలస్యానికి కారణం. లోపల గడియ వేసిన చెక్క తలుపు, దాని ముందు తాళం వేసిన ఇనుప గ్రిల్, బాత్రూంకు ఇంకో బోల్టు ఉంటాయి. అలారం మోగి పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చినా బయటే నిలబడాలి. బయటి నుంచి కూడా తాళం చెవితో తెరుచుకునే లాక్ పెట్టించి, రాత్రి గడియ వేయడం మానితే ఈ చిక్కు తీరుతుంది. రెండో తాళం చెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉండాలి. బాత్రూంకు బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగల గడియలు దొరుకుతాయి. లోపల పడిన మనిషి అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు కనుక, వీలైతే బయటికి తెరుచుకునే తలుపు మేలు. కొత్త గడియారం కంటే దీనికి అయ్యే ఖర్చు తక్కువ.

పిలుపు వెళ్లే దారి

బటన్ నుంచి సంకేతం మూడు దారుల్లో వెళుతుంది. కొన్ని ఇంట్లోనే ఉన్న పెట్టెకు రేడియో తరంగాలతో చెబుతాయి, ఆ పెట్టె ఫోన్ చేస్తుంది. కొన్ని బ్లూటూత్‌తో మొబైల్‌కు చెబుతాయి. ఇటుక గోడల మధ్య బ్లూటూత్ పరిధి పది మీటర్లలోపే అనుకోవాలి. హాల్లో ఫోన్, పెరట్లో మనిషి ఉంటే బటన్ ఉన్నా లేనట్టే. మూడో రకానికి సొంత సిమ్ ఉంటుంది.

అమెరికా నుంచి పిల్లలు పంపే లాకెట్లతో ఒక చిక్కుంది. అక్కడి పరికరాలు చాలావరకు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అక్కడ ఆ పట్టీకి లైసెన్సు అక్కర్లేదు. భారత్‌లో అందులో కొంత భాగం మొబైల్ సేవలదే. ఇక్కడ ఇలాంటి చిన్న పరికరాలకు వదిలింది 865 మెగాహెర్ట్జ్ దగ్గరి పట్టీ. పైగా ఆ లాకెట్ పిలిచేది అమెరికా కాల్ సెంటర్‌ను.

సిమ్ పరికరాల్లో తరం చూసుకోవాలి. చవకగా దొరికేవాటిలో కొన్ని 2జీ మీదే నడుస్తాయి. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వాటిలో పనిచేయదు. అమెరికాలో ఒక పెద్ద సంస్థ 2022లో 3జీని ఆపేసినప్పుడు, దాని మీద ఆధారపడిన అలారాలన్నిటినీ మార్చుకోవాల్సి వచ్చింది. నేడు కొనేది 4జీ అయి ఉండటమే క్షేమం. లోపల ఉన్న సిమ్‌కు రీఛార్జ్ గడువు ఉంటుందన్నది తేలిగ్గా మరచిపోయే సంగతి. వైఫై మీద నడిచేవాటికి కరెంటు పోతే రౌటరు ఆగిపోతుంది. ఫైబర్ ల్యాండ్‌లైనుదీ అదే కథ. రౌటరును ఇన్వర్టర్ లైనుకు కలిపారో లేదో చూసుకోవాలి.

పడిపోయామని పరికరానికెలా తెలుస్తుంది?

స్పృహ తప్పిన మనిషి బటన్ నొక్కలేరు. అందుకే కొన్ని పరికరాలు పడిపోవడాన్ని తామే గుర్తిస్తాయి. లోపల బియ్యపు గింజంత యాక్సెలరోమీటర్ ఉంటుంది. కదలకుండా ఉన్నప్పుడు అది భూమ్యాకర్షణ విలువను, అంటే 1జీని చూపుతుంది. పడుతున్న క్షణంలో ఆ విలువ సున్నా వైపు జారుతుంది, నేలను తాకగానే ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ తర్వాత శరీరం అడ్డంగా మారి కదలిక ఆగితే, అలారం పంపాలని పరికరం నిర్ణయిస్తుంది.

అందరూ ఇలా ధబాలున పడరు. గోడను పట్టుకుని మెల్లగా జారి కూలబడేవారు, మంచం అంచు నుంచి జారేవారు, కుర్చీలోనే సొమ్మసిల్లేవారు ఉంటారు. అప్పుడు పెద్ద తాకిడే ఉండదు. మరోవైపు దుప్పటి దులిపినా, కొబ్బరికాయ కొట్టినా చేతి గడియారానికి తాకిడి తగులుతుంది. ఇలాంటి 13 గుర్తింపు పద్ధతులను నిజంగా జరిగిన 29 పడిపోవడాల నమోదులతో పోల్చిన అధ్యయనం 2012లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చింది. అవి సగటున 57 శాతాన్నే పట్టుకున్నాయి. ఒక్క రోజు వాడకంలో తప్పుడు అలారాలు పద్ధతిని బట్టి 3 నుంచి 85 దాకా మోగాయి. తర్వాత ఈ పరిజ్ఞానం మెరుగుపడింది. అయితే ప్రయోగశాలలో పరుపుల మీద యువకులు పడి చూపిన ఫలితాలను 80 ఏళ్ల మనిషికి అన్వయించరాదన్న సూచన ఇప్పటికీ చెల్లుతుంది. గుర్తింపు సదుపాయం ఉంటే మంచిదే, దాన్ని నమ్మి బటన్ మాత్రం మానకూడదు. మతిమరుపు వ్యాధి ఉన్నవారికి బటన్ నొక్కాలన్న సంగతే గుర్తుండదు. వారి విషయంలో ఇల్లు దాటితే తెలిపే జీపీఎస్ పరికరమూ, దగ్గర మనిషీ కావాలి.

బయటికి వెళ్లినప్పుడు

ఆరుబయట జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. కాంక్రీటు భవనాల్లో ఆ సంకేతం బలహీనపడుతుంది, సెల్ టవరును బట్టి వేసే అంచనా వందల మీటర్లు తప్పవచ్చు. ఏ అంతస్తో సాధారణంగా తెలియదు. కాబట్టి అలారం సందేశంలో ఫ్లాట్ నంబరు, 'రామాలయం వెనక' వంటి గుర్తు ముందే రాసి పెట్టుకోవాలి. సంత, జాతర వంటి రద్దీ చోట్ల స్పీకరు మాట వినబడదు కనుక పరికరం కాల్‌తో పాటు ఎస్సెమ్మెస్ కూడా పంపాలి.

ఏమీ కొనకుండానే చేయగలిగింది కూడా ఉంది. 2016 నాటి టెలికాం నిబంధనల ప్రకారం దేశంలో అమ్మే మొబైళ్లలో అత్యవసర బటన్ ఉండాలి. కీప్యాడ్ ఫోన్లో 5 లేదా 9ని నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి, ఐదుసార్లు నొక్కాల్సినవీ ఉన్నాయి. రక్తం పలచబడే మందులు, మధుమేహం, ఇంటివారి నంబరు లాక్ స్క్రీన్ మీదే కనిపించేలా పెట్టుకోవచ్చు. తలకు దెబ్బ తగిలినప్పుడు రక్తం పలచబడే మందు వాడుతున్న సంగతి వైద్యులకు వెంటనే తెలియాలి.

కొన్న రోజునే కాక నెలకోసారి పరీక్షించాలి, అదీ బాత్రూం తలుపు వేసి, కుళాయి తిప్పి, నేల మీద కూర్చుని. నీటిని తట్టుకుంటుందని రాసి ఉన్న ఐపీ67 గుర్తు మీటరు లోతు మామూలు నీటిలో అరగంటకే సంబంధించింది, వేడినీళ్లకూ సబ్బుకూ కాదు. గడియారాలను రాత్రి ఛార్జింగ్‌కు పెట్టే అలవాటు మార్చుకోవాలి. చీకట్లో బాత్రూంకు లేచే వేళకు అది చేతికే ఉండాలి. సాయంత్రం టీవీ సీరియల్ చూస్తూ ఇంట్లో ఇంకొకరు ఉన్న గంట ఛార్జింగ్‌కు సరిపోతుంది.