పాత ఇల్లు... చల్లని పెట్టుబడి!

మందపాటి మట్టిగోడలు, గూనపెంకుల కప్పు, మధ్యలో వాకిలి... యాదాద్రి భువనగిరి జిల్లా మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పటి ఇల్లంటే ఇదే. పగటి ఎండ ఆ గోడ దాటి లోపలికి చేరేసరికి పొద్దు గూకుతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. ఫ్యాను లేకున్నా మిట్టమధ్యాహ్నం కునుకు పట్టేది అందుకే!

మరి అలాంటి ఇళ్లు ఎందుకు కూలుతున్నాయి? దూలాలకు చెదలు పడతాయి. వానాకాలానికి ముందే పెంకులు సర్దించాలి. ఆ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టం, దొరికితే ఖర్చెక్కువ. పైగా వానల తీరూ మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. అందుకే కురిస్తే కుండపోతే! 2020 అక్టోబరు 13న ఈ జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 20 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. పాతబడిన మట్టిగోడ అంత నీటిని తట్టుకోలేదు.

దాంతో అప్పుచేసైనా స్లాబు వేస్తారు. కానీ, సిమెంటు కోసం సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదే. ఇక, పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. కూలరో ఏసీయో తప్పదు. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. అంటే, ఇల్లు చల్లబడే కొద్దీ భూమి వేడెక్కుతుంది! 2015 వేసవిలో వడగాల్పులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోతే, వారిలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవారే.

దారి లేకపోలేదు. పాత ఇంటి గోడ గట్టిగా ఉంటే, పాడైన దూలాలు మాత్రమే మార్చి, చూరు ముందుకు పెంచి, గోడ అడుగున రాతి కట్టు వేయిస్తే వాన దెబ్బ తగ్గుతుంది. ఇప్పటికే స్లాబు ఉంటే పైన తెల్లరంగు వేయాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఇలా సిమెంటు కప్పులకు తెల్లపూత వేస్తే ఏసీల కరెంటు 10 నుంచి 19 శాతం ఆదా అవుతుందని తేలింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్‌రూఫ్ విధానం 600 గజాలు, అంతకుమించిన స్థలంలో కట్టే ఇళ్లకే దీన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లవాళ్లు ఇష్టముంటే వేసుకోవచ్చు. ఎండకు ఎక్కువగా అల్లాడేది మాత్రం ఆ చిన్న ఇళ్లలోని ముసలివాళ్లు, పసిపిల్లలే!

అందుకే... పాత ఇల్లు కూల్చేముందు తెలిసిన మేస్త్రీకి ఒకసారి గోడలు చూపించండి. బాగుచేయించడానికి ఎంతవుతుందో, కొత్తది కట్టడానికి ఎంతవుతుందో పక్కపక్కన రాసుకోండి. వేసవి కరెంటు బిల్లునూ అందులో కలపడం మరిచిపోకండి.