ఆవిరితో నడిచిన ఆటపడవలు

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాల నుంచి 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేవరకు జర్మనీలో తయారైన ఆవిరి పడవలు పేరుకు పిల్లల బొమ్మలే అయినా, నీటిని మరిగించే బాయిలర్, ఆవిరి తోపుతో కదిలే పిస్టన్, నీటిని వెనక్కి నెట్టే పంకా అన్నీ అసలు ఓడల సూత్రం మీదనే పనిచేసేవి. 1859లో గోపింగెన్‌లో ఆరంభమైన మెర్క్లిన్ సంస్థ, న్యూరెంబర్గ్‌లోని బింగ్ సోదరుల కర్మాగారం ఈ తయారీలో పేరుపొందాయి. తగరం పూసిన ఇనుప రేకును వంచి, టంకంతో అతికి, రంగులు వేసిన పడవ నడుమ ఇత్తడి బాయిలర్‌ను, దాని కింద స్పిరిట్ దీపాన్ని అమర్చేవారు.

తయారీదారుల నేర్పు ముఖ్యంగా సిలిండరులో కనిపిస్తుంది. పెద్ద యంత్రాలలో ఆవిరిని ఎప్పుడు లోనికి పంపాలో, ఎప్పుడు వెలుపలికి వదలాలో నియంత్రించేందుకు విడిగా కవాటమూ దానిని కదిపే కడ్డీలూ ఉంటాయి. చిన్న బొమ్మలో అంత అమరిక కష్టం కనుక, చాలా నమూనాలలో సిలిండరునే ఒక ఇరుసు మీద అటూ ఇటూ ఊగేటట్లు బిగించారు. సిలిండరు పక్కభాగంలో ఒక రంధ్రం, అది ఆనుకొని ఊగే పలకలో రెండు రంధ్రాలు ఉంటాయి. సిలిండరు ఒకవైపు ఒరిగినప్పుడు దాని రంధ్రం బాయిలర్ నుంచి వచ్చే దారితో కలిసి ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, మరోవైపు ఒరిగినప్పుడు రెండవ దారితో కలిసి వాడిన ఆవిరి బయటపడుతుంది. తోపు లేని ఆ వ్యవధిని దాటించేది గతిపాలక చక్రం, అంటే ఒకసారి తిరగడం మొదలుపెడితే తన బరువు వల్ల తిరుగుతూనే ఉండే చక్రం. కవాటం పనిని సిలిండరు ఊపుకే అప్పగించిన ఈ పొదుపు నిజంగా మెచ్చదగినది.

సాధారణ వాయుపీడనంలో నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది కాబట్టి, పీడనం మితిమీరితే దానంతట అదే తెరుచుకునే స్ప్రింగు కవాటాన్ని బాయిలర్‌కు బిగించేవారు. నీరు ఉన్నంతవరకు ఇత్తడి అంతగా వేడెక్కదు. నీరు ఇంకిపోయాక కూడా దీపం వెలిగితే, 200 డిగ్రీల సెల్సియస్‌కు లోపే కరిగే సీసం–తగరం టంకం వదిలి అతుకులు ఊడిపోతాయి.

మన తిరునాళ్లలో టపటపమంటూ తిరిగే రేకు పడవకూ ఆవిరే ఆధారమైనా, దానిలో పిస్టన్ లేదు, చక్రమూ లేదు. 1891లో థామస్ పియో బ్రిటన్‌లో పేటెంటు పొందిన ఆ పద్ధతిలో, ఆవిరి గొట్టాలలోని నీటిని బయటికి చిమ్మి, వెంటనే చల్లబడి, తిరిగి నీటిని లోనికి లాగుతుంది.

పాత జర్మన్ పడవలలో దీపానికి దగ్గరగా ఉన్న రంగు కమిలి, పొక్కులు లేచి ఉండడం సహజం. ఆ మచ్చలు పడవ నిజంగా నీటి మీద నడిచిందనడానికి సాక్ష్యాలు కనుక, కొత్త రంగు పూసి వాటిని కప్పివేయడం వస్తువుకు చేసే అన్యాయమే. దానిని మళ్లీ నడపదలచినవారు మాత్రం దీపం వెలిగించకముందే బాయిలర్‌ను చన్నీటితో నింపి పీడనం పెట్టి పరీక్షించాలి. నీరు ఆవిరిలా వ్యాకోచించదు కాబట్టి, అతుకు బలహీనంగా ఉంటే పేలుడు లేకుండా చెమ్మగానే బయటపడుతుంది.