ఇంకుడు గుంత ఊరికి, వాన సంపు ఇంటికి

వాన నీళ్ల ముచ్చట రాంగనే అందరి నోట ఒకటే మాట: ఇంకుడు గుంత తవ్వుండ్రి. మంచి మాటే. భూమిల ఊట పెరగాలంటే ఇంకుడు గుంతలు కావాల్సిందే. గని మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఊళ్లకు ఆ ఒక్క మాట సరిపోదు. ఆడ ఇంకిన నీళ్లు బోరులకెల్లి మళ్ల పైకి వచ్చేటప్పుడు ఫ్లోరైడ్‌ను ఎంటబెట్టుకొని వస్తయి.

నల్లగొండ నేల కింద ఉన్నది ఫ్లోరైడ్ కలిసిన గ్రానైట్ రాయి. ఆ రాయి సందులల్ల నీళ్లు ఎన్ని రోజులు నానితే అంత ఫ్లోరైడ్ కలుస్తది. తాగే నీళ్లల్ల ఇది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది మన దేశం పెట్టుకున్న హద్దు. అంతకు మించిన నీళ్లు ఏండ్ల తరబడి తాగితే పండ్లకు గార పడతది, కీళ్లు పట్టేస్తయి, ఎముకలు వంకర పోతయి. శివన్నగూడెం అంశల స్వామి వంగిన ఒంటితోనే ఈ గోసను దేశానికి చూపెట్టిండు. 2023 జనవరిల పోయిండు. వంగిన ఎముకను సక్కగ చేసే మందు లేదు. ముందుగాల మారాల్సింది నీళ్లే.

చానమంది బోరు నీళ్లు మసలబెట్టి తాగితే చాలనుకుంటరు. మసలబెడితే క్రిములు చస్తయి గని ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకింత చిక్కబడతది. వాన నీళ్ల సంగతి దీనికి ఉల్టా. మబ్బుకెల్లి పడ్డ నీళ్లు రాయిని తాకవు, అందుల ఫ్లోరైడ్ లేనట్టే లెక్క. ఉండేది కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్ట, క్రిములు. ఇవన్నీ మన చేతుల ఉన్న పని.

మిషన్ భగీరథ నల్లా ఉండంగ ఇదెందుకు అని అడగొచ్చు. 2015ల చౌటుప్పల్‌ల దాని పైలాన్ పెట్టినప్పటి సంది కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చినయి, అది చిన్న సంగతి కాదు. గని పైపు పగిలిన నాడు, మోటరు కాలిన నాడు బిందె మళ్ల బోరు కాడికే పోతది. ఆ నాలుగు రోజులకు ఇంట్ల సొంత నీళ్లు ఉండాలె.

ఇగ లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద గజాల స్లాబు అంటే దగ్గర దగ్గర 84 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, ఆవిరికి, చిందుడుకు పావు వంతు తీసేసినా 44 వేల లీటర్లు చేతికొస్తయి. ఐదుగురున్న ఇంటికి తాగను, వండను రోజుకు 25 లీటర్లు చాలు. కార్తీకం నుంచి మృగశిర దాకా ఎనిమిది నెలలకు 6 వేల లీటర్లు. 7 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు సంపు కడితే అంత పడతది. నాలుగైదు గట్టి వానలకే నిండుతది.

కట్టుడు ఇట్ల. స్లాబు నీళ్లన్నీ ఒక మూలకు వచ్చేటట్టు వాటం చూడుండ్రి. ఆడికెల్లి నాలుగు అంగుళాల పీవీసీ పైపు కిందికి దించి, టీ బిగించి వాల్వు పెట్టుండ్రి. మొదటి వాన మురికి, నడుమ చాన రోజులు ఆగి పడ్డ వానల మొదటి పావుగంట నీళ్లు, ఆ వాల్వుకెల్లి బయటికి పోవాలె. అవి ఇంకుడు గుంతకు పోనీయుండ్రి, రెండు పనులూ అయితయి.

తర్వాత వడపోత. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముల అడుగున దొడ్డు కంకర, దాని మీద సన్న కంకర, పైన కడిగిన దొడ్డు ఇసుక. నడుమ నడుమ జాలి పరువాలె. డ్రమ్ము అడుగుకెల్లి పైపు సంపులకు పోతది. సంపు మరుగుదొడ్డి గుంతకు దూరంగ, ఎత్తు జాగల ఉండాలె. లోపలికి ఎండ పోతే పాచి పడతది, దోమ పోతే డెంగీ వస్తది. అందుకే మూత గట్టిగ, నిండి పారే పైపుకు సన్న జాలి. పిల్లలున్న ఇంట్ల మూతకు తాళం మరువొద్దు. బిందె ముంచి తోడొద్దు, చేతి పంపో చిన్న మోటరో పెట్టుండ్రి.

మృగశిరకు ముందు స్లాబు ఊడ్చి, ఇసుక కడిగి, సంపు తోమాలె. తాగే నీళ్లు మసలబెట్టుకోవాలె. సప్పగుంటయని అవ్వలు అంటరు. ఉప్పులు లేవు కాబట్టే ఆ సప్పదనం, నాలుగు రోజులకు అలవాటైతది.

అయితే సంపు కట్టే పైసలు అందరి తాన ఉండయి. తమ్ముడూ, చెల్లె, వచ్చే గ్రామసభకు పోయి రెండు సంగతులు అడుగుండ్రి. ఒకటి, ఊళ్లె ప్రతి బోరు ఫ్లోరైడ్ లెక్క పంచాయితీ గోడ మీద రాయాలె. రెండు, బడికి, అంగన్‌వాడీకి ముందుగాల వాన సంపు కట్టాలె. ఎముకలు ఎదిగే వయసు పిల్లలు పగటీలి నీళ్లు తాగేది ఆడనే.