నడిస్తే బి.పి. పెరుగుతుందా, తగ్గుతుందా?

తెనాలిలో కాలవ గట్టు ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుక తీరం ఉంది. రేపల్లె చుట్టూ పొలం బాటలు ఉన్నాయి. నడవడానికి చోటు కరువు లేదు. అయినా బి.పి. ఉన్నవాళ్లు కొందరు నడవాలంటే భయపడతారు. "నడిస్తే గుండె దడదడలాడుతుంది. బి.పి. ఇంకా పెరుగుతుందేమో!" అంటారు. ఈ భయం నిజమేనా? చూద్దాం.

బి.పి. అంటే ఏమిటి?

గుండె మన ఒంట్లో పంపు లాంటిది. అది రక్తాన్ని గొట్టాల్లోకి తోస్తుంది. ఈ గొట్టాలే రక్తనాళాలు. వాటి గోడల మీద రక్తం పెట్టే ఒత్తిడే రక్తపోటు. దాన్నే బి.పి. అంటాం.

బి.పి. చూసి రెండు అంకెలు చెప్తారు. గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి పై అంకె. గుండె వదులైనప్పటి ఒత్తిడి కింది అంకె. వేరువేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే బి.పి. ఎక్కువ ఉన్నట్టే. నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియదు. తెలియకుండానే పక్షవాతం, గుండెపోటు తెచ్చిపెడుతుంది.

గొట్టం మెత్తగా ఉండాలి

చేలో ఇంజనుకు పైపు తగిలిస్తాం కదా! కొత్త పైపు మెత్తగా ఉంటుంది. నీళ్ల జోరుకు కాస్త సాగుతుంది. ఎండకు ఎండిన పాత పైపు బిరుసెక్కుతుంది, సాగదు. జోరు పెరిగితే పగులుతుంది. రక్తనాళాలూ అంతే. వయసు మీదపడ్డా, ఉప్పు ఎక్కువ తిన్నా, చుట్ట బీడీ తాగినా, ఒళ్లు కదల్చకపోయినా బిరుసెక్కుతాయి.

నడిస్తే ఏమవుతుంది?

నడిచేటప్పుడు కాళ్లకు రక్తం ఎక్కువ కావాలి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. పై అంకె పెరుగుతుంది. ఇది నిజమే. కానీ అది ఆ కాసేపే.

రక్తం జోరుగా పారితే నాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది నాళం గోడను వదులు చేస్తుంది. దారి వెడల్పవుతుంది. నడక ఆపాక బి.పి. మునుపటికన్నా కాస్త దిగుతుంది. కొన్ని గంటలు అలాగే ఉంటుంది. రోజూ నడిస్తే కొన్ని వారాల్లో నాళాల పనితీరు బాగుపడుతుంది. బి.పి. ఎక్కువ ఉన్నవాళ్లకు పై అంకె 5 నుంచి 8 దాకా తగ్గవచ్చు.

"మేం పొలం పని చేస్తాం, మాకెందుకు నడక?" అనకండి. నాట్ల రోజుల్లో సరే. పని లేని నెలల సంగతేమిటి? ఇప్పుడు కోతకు మిషను, చేనుకు పోవడానికి బండి వచ్చాయి.

ఎలా నడవాలి?

వారానికి 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు చురుగ్గా నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మొదట్లో 10 నిమిషాలు చాలు. బస్తా ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. అప్పుడు బి.పి. ఒక్కసారిగా ఎగబాకుతుంది.

బి.పి. 180/110 దాకా ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. నడుస్తుంటే ఛాతీ నొప్పి గానీ, విపరీతమైన ఆయాసం గానీ వస్తే ఆగిపోండి. 108కి ఫోను చేయండి.

ఒక్క మాట మరవకండి. నడుస్తున్నాం కదా అని మాత్రలు మానకూడదు. మాత్ర తగ్గించాలో వద్దో డాక్టరే చెప్పాలి.

చర్చించండి

1. మీ ఇంట్లో పెద్దవాళ్లకు బి.పి. ఎప్పుడు చూపించారు?
2. మీ ఊళ్లో ఆడవాళ్లు భయం లేకుండా నడవడానికి చోటు ఎక్కడుంది?