ఘంటసాలవారి గానము

మన బత్తలపల్లెలోనే కాదు, చుట్టుప్రక్కల నే పల్లెయందైనను తెల్లవాఱుజామున మైకులో ఘంటసాలవారి భగవద్గీత వినవచ్చెనేని, అరుగుమీది ముసలివారు లేచి కూర్చుండి "ఎవరు పోయినారప్పా?" యని యడుగుదురు. శవమును గొనిపోవు బండిమీదను ఆ కంఠమే, దినకర్మనాటి పందిటిలోను ఆ కంఠమే. ఇట్లా గానము మరణవార్తకు మాఱుపేరై పోయినది. మొన్న మా పాఠశాలయందు ఆఱవ తరగతి బాలుడొకడు ఆ పాట చెవిని బడగానే "అది చావుపాట గదా సార్" అనెను. వాడు తప్పు పలికెనని చెప్పజాలము. వాడు విన్నదంతయు అట్టిచోట్లనే. కాని ఆ మాట మా మనస్సున నాటి బాధించుటచే, ఆ పాడినవారెవరో, ఆ కంఠము ఎట్టి బ్రతుకునుండి వచ్చెనో మా పిల్లలకు కొంచెము తెలుపవలెనని యీ వ్యాసమునకు గడంగితిమి.

అమెరికా దేశమునందు సోల్ సంగీతమని యొకటి కలదు. సోల్ అనగా ఆత్మ. అచటి నల్లజాతివారు దేవాలయములలో పాడుకొనుచుండిన స్తోత్రముల ఫణితిని ప్రేమ, వియోగము, పేదఱికము మున్నగు లౌకిక విషయములకు త్రిప్పి పాడగా, 1950 తరువాతి యేండ్లలో ఆ సంగీతము రూపొందెను. దానియందు మిక్కిలి కీర్తి గాంచిన అరీతా ఫ్రాంక్లిన్ (1942–2018) డెట్రాయిటు నగరమున తన తండ్రి బోధకుడుగా నుండిన దేవాలయములో పసితనమున పాడి, పిదప లోకమంతట పేరొంది, 1972లో మరల దేవాలయమునకే వచ్చి స్తోత్రగీతములు పాడి రికార్డు చేయించెను. స్వరజ్ఞాన మెంత యున్నను, పాడువాని లోపలి బాధ వినువాని లోపలికి పోనిచో దానిని సోల్ అనరట. తెలుగువారిలో ఈ లక్షణమునకు సరిపోవువారెవరని యడిగిన, మేము ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పేరే చెప్పుదుము. వారి త్రోవయు ఇంచుమించుగ నట్టిదే: భజనతో మొదలై, సినిమాలో పండి, గీతతో ముగిసినది.

వీరు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ దాపున నున్న చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు, నారాయణతీర్థులవారి తరంగములు పాడుచు భజనలు చేయుచుండెడివారు. పసివాడైన వేంకటేశ్వరరావు తండ్రి పాటకు నృత్యము చేయగా చూచినవారు బాలభరతుడని ముద్దుగా పిలుచుచుండిరి. ఆ ముచ్చట చాలకాలము సాగలేదు. బాలునకు పదునొకండేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. సంగీతమున గొప్ప విద్వాంసుడవు కావలెనని ఆయన కుమారునితో చివరిమాటగా చెప్పెనందురు. కుటుంబభారము మేనమామ మీద పడెను.

తండ్రి మాట చెవిలో నున్నను దానిని నెఱవేర్చుకొను దారి తెలియలేదు. ఒకనాడు సమీపగ్రామములో జరిగిన కచేరీలో విద్వాంసులతో పోటీకి దిగి యోడిపోగా, సభ నవ్వెను. ఆ నవ్వు ఆయనను గట్టిగా పట్టుకొన్నది. సంగీతము నేర్పుదురని విని ఒకరిద్దఱి యిండ్ల చేరగా, అచట పశువులు కాయుటయు బట్టలుదుకుటయు లభించెనే కాని పాఠము లభింపలేదు. ఇంటనుండి పొలము పనికి పంపబడి, చదువు ఎండకాలపు చెఱువువలె నింకిపోవుట చూచిన పిల్లలు మా తరగతులలో కలరు. వారికి ఈ భాగమును మేము వివరించి చెప్పనక్కఱలేదు.

తుదకు చేతి యుంగరమును అమ్ముకొని, ఎవరితోను చెప్పక విజయనగరమునకు బయలుదేరిరి. అచట మహారాజావారి సంగీత కళాశాల 1919లో స్థాపింపబడినది. హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. కళాశాలలో విద్య దొరకును, కాని కడుపునకు అన్నమో? అందులకు ఈ బాలుడు మధుకరమునకు పూనుకొనెను. మధుకర మనగా తుమ్మెద పూవు పూవునకు పోయి తేనె కూర్చుకొనునట్లు, విద్యార్థి యింటింటికి పోయి యొక్కొక్క ముద్ద యడిగి తెచ్చుకొనుట. పూర్వము వేదము చదువువారు చేసెడి పని యది. పేరు అందముగనే యున్నది. జోలె భుజమున వేసికొని పరాయి ఊరిలో తలుపు తట్టి నిలుచుండుటలో నున్న సిగ్గు మాత్రము ఆ పేరులో కనబడదు.

ఈ దశలో ఆయనను ఆదుకొన్నవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు (1900–1957). సాలూరు చిన్నగురువుగారని వీరికి ప్రసిద్ధి. గాత్రమున ఉద్దండులై యుండియు సంపద యెఱుగని ఈ గురువు, రుసుము కోరక శిష్యునకు సంగీతము నేర్పెను. కర్ణాటక సంగీతములో కంఠవ్యాయామము చూపుటకంటె భావము చెప్పుటయే ముఖ్యమని నమ్మిన వంశము వారిది. తరువాత ఘంటసాలవారి పాటలో మనము విను సూటిదనమునకు మూల మిచటనే కలదని మా యభిప్రాయము.

చదువు ముగించుకొని వచ్చి, ఉత్సవములలో పాడుచు, పాఠములు చెప్పుచు నుండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమము వచ్చెను. అందు పాల్గొన్నందుకు ఆయనను నిర్బంధించి బళ్ళారి దగ్గఱి అలీపురము చెఱసాలలో ఇంచుమించు పదునెనిమిది నెలలుంచిరి. బళ్ళారి మనకు పరాయిది కాదు. 1882లో అనంతపురము జిల్లా వేఱుగా నేర్పడువఱకు మనమును బళ్ళారి జిల్లాలోనివారమే. ఆ ఎండయు, ఆ నల్లరేగడి దుమ్మును మన మెఱిగినవే. కృష్ణాతీరపు కాలువల ప్రక్కను పెరిగిన యువకునకు ఆ వేసవి యెట్లుండెనో యూహింపవచ్చును.

విడుదలయైన పిదప 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. ఆ ప్రాంతమువారే యైన సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులవారు వీరి గానము విని మద్రాసునకు రమ్మనిరి. పోయిరి, కాని అవకాశములు వెంటనే రాలేదు. ఆచార్యులవారి యిల్లు చిన్నది, వారికి భారము కారాదని రాత్రులు పానగల్ పార్కులో పండుకొనెడివారని చెప్పుదురు. తొలుత ఈ కంఠము మైకునకు తగదని త్రిప్పి పంపినవారు కూడ కలరని ప్రసిద్ధి. తరువాత రేడియోలో పాటలు, సినిమాలలో బృందగానములు, 1945లో విడుదలైన స్వర్గసీమలో భానుమతిగారితో కలిసి పాట, ఇట్లు మెల్లమెల్లగా కుదురుకొనిరి. 1949లో కీలుగుఱ్ఱము, మనదేశము చిత్రములకు సంగీతము కూర్చునప్పటికి ఆయన పేరు తెలియని తెలుగు సినిమావారు లేరు.

ఆ పిమ్మటి యిరువదియైదేండ్ల చరిత్రను మేము పూసగ్రుచ్చినట్లు వ్రాయబోము. పాతాళభైరవి (1951), మాయాబజారు (1957), లవకుశ (1963) అను పేర్లు చాలును. మొదటి రెండింటి దర్శకులు కదిరి వేంకటరెడ్డిగారు మన తాడిపత్రి సీమవారు. మాయాబజారునకు మొదట నాలుగు పాటలకు వరుసలు కట్టినవారు సాలూరు రాజేశ్వరరావుగారు. మిగిలినదంతయు ఘంటసాలవారు పూర్తి చేసిరి. రెండు చేతుల పని యని వినువారికి తెలియకుండుటయే అందలి గొప్ప. దేవదాసు (1953) పాటలకు వరుసలు కట్టినది సి. ఆర్. సుబ్బరామన్‌గారు, కాని త్రాగి చెడిన యొక మనుష్యుని గుండె పగులు చప్పుడును గొంతుతో వినిపించినది ఘంటసాలవారు. రామారావుగారికి పాడునపుడు ఒక కంఠము, నాగేశ్వరరావుగారికి పాడునపుడు వేఱొక కంఠము. కన్నులు మూసికొని విన్నను తెఱమీద ఎవరున్నారో చెప్పవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమని మేము తలచునది పద్యము. దీనిని కొంత విపులముగా చెప్పవలసియున్నది.

మన ప్రాంతమున జాతరలకు ఇప్పటికిని సత్యహరిశ్చంద్ర, కురుక్షేత్రము మున్నగు పద్యనాటకము లాడుదురు. మైకు లేని కాలమున నటుడు హార్మోనియము శ్రుతికి, చివరి వరుసలో గొంగడి పఱచుకొని కూర్చున్న రైతునకు వినబడునట్లు, తారస్థాయిలో గొంతెత్తి పాడవలసి యుండెను. పద్యపాదము చివర రాగము దీయుట యొక పందెమయ్యెను. ఎంత సేపు దీసిన అన్ని చప్పట్లు. అర్థము మాత్రము ఆ రాగపు ప్రవాహములో కొట్టుకొనిపోవుచుండెను. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవాచార్యులవారు (1880–1946) నాటకమున పాటకంటె భావమే ప్రధానమని ఆనాడే వాదించిరి. కాని జనము పాట మానలేదు, మాననక్కఱయు లేకుండెను.

ఘంటసాలవారు పాటను మానక, భావమును చంపక, మధ్యదారి కనుగొనిరి. మైకు దగ్గఱ నుండుటచే కేక వేయ నవసరము లేదు. కావున మంద్రస్థాయిలో, ఎదుట కూర్చున్నవానితో చెప్పినట్లు మొదలుపెట్టుదురు. యతిస్థానమున కాక, అర్థము విఱిగిన చోట విఱుతురు. పెద్ద సమాసము వచ్చినపుడు తొందరపడక, అందలి పదములు ఒకదానినొకటి తొక్కికొనకుండ నడిపింతురు. వత్తులు, మహాప్రాణములు చెడవు. రాగము భావమునకు తోడుగా రెండు మూడు గమకములలో వచ్చి, పని కాగానే తొలగిపోవును. ఇట్లు పాడుటచే ఉత్పలమాల, చంపకమాల, సీసము అను పేర్లే యెఱుగని కూలివాడు కూడ పద్యమును మాటవలె గ్రహించెను. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము, కుంతీకుమారి పద్యములు పుస్తకములోనుండి పల్లెల నోళ్లలోనికి వచ్చుటకు ఆ గ్రామఫోను రికార్డులే ముఖ్యకారణము. మేము తరగతిలో పరీక్షించి చూచితిమి: పద్యమునకు ప్రతిపదార్థము చెప్పకముందు ఆయన పాడినది ఒకసారి వినిపించిన యెడల, పిల్లలు అన్వయమును సగము తామే చెప్పుదురు. ఉపాధ్యాయులమైన మాకు ఇది కొంచెము సిగ్గు కలిగించు విషయమే.

ఆయన గృహమునందు హిందూస్థానీ గాయకచక్రవర్తి బడే గులాం అలీఖాను అతిథిగా నుండిన దినములు కలవు. ఒకప్పుడు అన్నమునకై తలుపులు తట్టినవాని తలుపు ఇతర గాయకులకు తెఱచియుండుట మాకు ముచ్చట గొల్పును. పట్రాయనివారి కుమారుడు సంగీతరావుగారు (1920–2021) 1955 ప్రాంతమున మద్రాసు చేరి, ఘంటసాలవారికి సంగీతమున సహాయకులై తుదివఱకు వెంటనుండిరి. తండ్రి జీతము లేక విద్య నేర్పెను. కుమారుడు ఆ విద్యకు స్వరలిపి వ్రాసిపెట్టెను. నూఱేండ్లు బ్రతికిన సంగీతరావుగారు 2021లో గతించిరి.

1970లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో పర్యటించి పాడి వచ్చిరి. అప్పటికే ఆరోగ్యము చెడినది. ఆ యనారోగ్యములోనే, ఏడునూఱు శ్లోకముల భగవద్గీతలో నూఱింటికి పైగా నేరి, వరుసలు కట్టి, శ్లోకము పాడి, దాని తాత్పర్యమును తేలిక తెలుగులో తామే చెప్పి రికార్డు చేయించిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసునందు, ఏబదిరెండవ యేట, కన్నుమూసిరి. ఆ గీత ఆయన పోయిన పిదపనే ప్రజలచేతికి వచ్చినది. పాడినవాడు లేని కంఠముగనే అది మొదటినుండి వినబడుటచే, జనులు దానిని మరణముతో ముడిపెట్టిరేమో. అందలి విషయము మాత్రము చావు గాదు. రథముమీద విల్లు జాఱవిడిచి కూలబడిన, ప్రాణముతో నున్న యొక మనుష్యుని లేపి నిలువబెట్టుట.

చావుపాట యన్న ఆ బాలుని సంగతి చెప్పి ముగింతుము. వాడు తెల్లవాఱక మునుపే లేచి, తల్లితో కూడ కనకాంబరపు తోటలో కూలికి పూలు కోసి, తరువాత బడికి వచ్చువాడు. వానిని పిలిచి, ఇదిగో, పూలు తమ బాధ చెప్పుకొను పద్యములని పుష్పవిలాపము వినిపించితిమి. మొదట తన వ్రేళ్లవంక చూచుకొని నవ్వెను. నడుమ నవ్వు మానెను. ముగిసిన పిదప "అదే గొంతేనా సార్?" అని యడిగెను. ఔనంటిమి. "ఇంకొకసారి పెట్టండి" అనెను.