జట్టు మారితే ద్రోహమేనా?

కప్పు కోసం సొంత గూడు వదిలిన బాస్కెట్‌బాల్ తారలపై అభిమానుల తగవు ఏళ్లు గడిచినా తెగడం లేదు. పొట్టకూటి కోసం ఊళ్లు మారినవాళ్లు కట్టుకున్న ఖరగ్‌పూర్‌లో ఆ తగవుకు మరో కోణం ఉంది.

తాల్‌బగీచా అంటే తాటితోట. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఐఐటీకి చేరువగా ఉన్న పేట. జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ మొదలయ్యే సమయానికి ఇక్కడ తెల్లవారుతుంది. న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ ఉదయం ఆరు. నైట్‌డ్యూటీ దిగి ఇంటికి పోయే రైల్వే ఉద్యోగీ, పుస్తకాల సంచీతో బయల్దేరిన కుర్రాడూ ఒకే టీ కొట్టు ముందు ఎదురుపడే వేళ. క్రికెట్, ఫుట్‌బాల్ పంచుకోగా ఈ పట్టణంలో బాస్కెట్‌బాల్‌కు మిగిలే అభిమానం కొంచెమే. అయినా ఆ ఆట లేవనెత్తిన ప్రశ్న ఒకటి ఏ ఆటను ప్రేమించేవాడినైనా కుదురుగా ఉండనివ్వదు. కప్పు గెలవాలనే కోరికతో సొంత జట్టును వదిలి, అప్పటికే బలంగా ఉన్న జట్టులో చేరిన ఆటగాడిని మెచ్చుకోవాలా, తప్పుపట్టాలా?

ఈ తగవుకు మూలపురుషులు ఇద్దరు. ఒకరు లెబ్రాన్ జేమ్స్. క్లీవ్‌లాండ్ పక్కనే ఉన్న ఏక్రన్‌లో పుట్టి, క్లీవ్‌లాండ్ జట్టుకే ఏడు సీజన్లు ఆడి, 2010 జులై 8న టీవీలో ప్రత్యేక కార్యక్రమం పెట్టించి మరీ మయామీకి వెళుతున్నట్టు ప్రకటించారు. ఆ రాత్రే క్లీవ్‌లాండ్ వీధుల్లో ఆయన పేరున్న జెర్సీలు తగలబడ్డాయి. లెబ్రాన్‌ కన్నా ముందే క్లీవ్‌లాండ్ కప్పు గెలుస్తుందని జట్టు యజమాని డాన్ గిల్బర్ట్ బహిరంగ లేఖలో శపథం చేశారు. ఆ శపథం నెరవేరలేదు. 2012, 2013లలో లెబ్రాన్ మయామీకి కప్పులు తెచ్చారు. 2014లో అదే యజమాని ఆయనను మళ్లీ చేర్చుకున్నారు. 2016లో లెబ్రాన్ క్లీవ్‌లాండ్‌ను గెలిపించినప్పుడు, 52 ఏళ్లుగా ఏ పెద్ద క్రీడలోనూ టైటిల్ ఎరగని ఆ నగరం వీధుల్లోకి వచ్చి పండగ చేసుకుంది. ద్రోహి ఆరేళ్లలో దేవుడయ్యాడు.

రెండో వ్యక్తి కెవిన్ డ్యురాంట్. ఈయన కథకు అలాంటి తీపి ముగింపు లేదు. 2016 సెమీస్‌లో ఆయన జట్టు ఓక్లహామా సిటీ, గోల్డెన్ స్టేట్‌పై 3-1 ఆధిక్యం సాధించి, ఆఖరికి 4-3తో ఓడింది. అయిదు వారాలకే, జులై 4న, తనను ఓడించిన ఆ జట్టులోనే చేరుతున్నట్టు డ్యురాంట్ ప్రకటించారు. గోల్డెన్ స్టేట్ అప్పటికే మామూలు జట్టు కాదు. ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచి తొమ్మిదింట మాత్రమే ఓడిన రికార్డు దానిది. ఆ జట్టు 2017, 2018లలో వరుసగా కప్పు గెలిచింది. రెండుసార్లూ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు డ్యురాంటే. అయినా ఆ రెండు కప్పులనూ సగం కప్పులుగానే లెక్కగట్టే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. ఆ తర్వాత ఆయన బ్రూక్లిన్‌కు, అక్కడి నుంచి 2023లో ఫీనిక్స్‌కు, 2025లో హ్యూస్టన్‌కు మారారు.

అయిదుగురి ఆట

బాస్కెట్‌బాల్‌లోనే ఈ గొడవ ఇంత ముదరడానికి కారణం ఆ ఆట లెక్కలోనే ఉంది. ఫుట్‌బాల్‌లో పదకొండు మంది. ఒక్క మేటి ఆటగాడు వచ్చి చేరినా మిగతా పదిమందీ ఆడాలి. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఉండేది అయిదుగురే. మేటి ఆటగాడు మ్యాచ్‌లో మూడొంతుల సమయం కోర్టు మీదే ఉంటాడు. అలాంటివాడు ఒక్కడు తక్కెడ మారితే లీగ్ మొత్తం ఒక పక్కకు ఒరిగిపోతుంది.

అలా ఒరగకుండా ఎన్‌బీఏలో ఒక కట్టడి ఉంది. ప్రతి జట్టూ జీతాలకు పెట్టే ఖర్చుపై పరిమితి. కానీ కొత్త టీవీ ఒప్పందం డబ్బు వచ్చిపడడంతో ఆ పరిమితి 2016 వేసవిలో సుమారు 7 కోట్ల డాలర్ల నుంచి ఒక్కసారిగా 9.4 కోట్ల డాలర్లకు ఎగబాకింది. అప్పటిదాకా తారలతో నిండి ఉన్న గోల్డెన్ స్టేట్ పద్దులో మరో తారకు చోటు దొరికింది. డ్యురాంట్ ఆ తలుపు తీయలేదు. తీసి ఉన్న తలుపులోంచి నడిచారు.

తప్పుపట్టేవాళ్ల వాదనలో పస లేదనలేం. ఓటమి నుంచి కసి పుట్టాలి గానీ ఓడించినవాడి పంచన చేరడమేమిటన్నది వాళ్ల ప్రశ్న. జర్మనీ నుంచి వచ్చిన డిర్క్ నోవిట్జ్‌కీని వాళ్లు ఉదాహరణగా చూపిస్తారు. 21 సీజన్లు డాలస్‌కే ఆడి, 2011లో లెబ్రాన్ ఉన్న మయామీని ఓడించి ఒకే ఒక్క కప్పు గెలిచారాయన. ఆ ఒక్కటీ డ్యురాంట్ రెండింటికన్నా బరువైనదని వాళ్ల తీర్పు.

సమర్థించేవాళ్ల దగ్గరా గట్టి అస్త్రమే ఉంది. డ్యురాంట్‌ను 2007లో ఎంచుకున్నది ఓక్లహామా సిటీ కాదు, సియాటిల్. 41 ఏళ్లు సియాటిల్‌లో ఉన్న ఆ జట్టును యజమానులు 2008లో మూటగట్టి ఓక్లహామాకు తరలించారు. సియాటిల్ అభిమానుల కన్నీళ్లను ఎవరూ లెక్కచేయలేదు. యజమాని ఊరు మారిస్తే వ్యాపారం, ఆటగాడు ఊరు మారితే ద్రోహమా అన్నది వీళ్ల ఎదురు ప్రశ్న. ఆటగాళ్లను చెప్పాపెట్టకుండా మరో జట్టుకు బదలాయించడం ఎన్‌బీఏలో రివాజు. విశ్వాసం ఒకవైపు నుంచే కోరడం న్యాయం కాదంటారు వీళ్లు.

మైదానంలో ముగ్గురు

బెంగాల్‌లో ఉన్నవాళ్లకు ఈ గోల కొత్తేమీ కాదు. కలకత్తా ఫుట్‌బాల్‌లో ఏటా జట్లు మారే రోజులొచ్చాయంటే ఒకప్పుడు ఎన్నికల వాతావరణమే. ఆటగాడు అవతలి క్లబ్ చేతికి చిక్కకుండా అధికారులు రహస్యంగా దాచి ఉంచిన సందర్భాలున్నాయి. తెలుగు పాఠకులకు గోడ దూకుడు రాజకీయాలు గుర్తొస్తే అది వారి తప్పు కాదు. కాకపోతే ఎమ్మెల్యేలకు 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది. ఆటగాళ్లకు ఉన్నది అభిమానుల తిట్లే.

ఆ మైదానంలో ఒకే తరానికి చెందిన ముగ్గురు ఈ ప్రశ్నకు మూడు జవాబులిచ్చారు. ముగ్గురూ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు ముందు వరుసలో ఉన్నవాళ్లే. చునీ గోస్వామి పెద్ద క్లబ్ మోహన్ బగాన్‌లో చేరి, ఆడినన్నాళ్లూ అక్కడే ఉన్నారు. పి.కె. బెనర్జీ దారి వేరు. 1955లో ఈస్టర్న్ రైల్వేలో చేరి, ఆట మానేదాకా ఆ జట్టును వీడలేదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ తప్ప మరొకరు కలకత్తా లీగ్ గెలవడం ఊహకందని రోజుల్లో, 1958లో ఈస్టర్న్ రైల్వే ఆ టైటిల్ ఎగరేసుకుపోయింది. ఈ ముగ్గురు పెద్దలను కాదని మరో జట్టు లీగ్ గెలవడానికి 61 ఏళ్లు పట్టింది. 2019లో పీర్‌లెస్ ఆ పని చేసింది.

మూడో మనిషి తుళసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ గెలిపించిన జట్టులో ఆడి, 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లలో దేశానికి ఆడారు. 1961లో కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్‌కు లీగ్ టైటిల్ అందించారు. అంత వైభవంలో ఉండగా 1963లో ఆ క్లబ్ వదిలి బీఎన్‌ఆర్ జట్టులో చేరారు. బీఎన్‌ఆర్ అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఖరగ్‌పూర్‌ను ఖరగ్‌పూర్ చేసిన రైల్వే అదే.

కప్పుల కోసమైతే అది తలకిందుల నిర్ణయం. పెద్ద జట్టు నుంచి చిన్న జట్టుకు దిగిరావడం. కానీ అక్కడ రైల్వే ఉద్యోగం ఉంది. క్లబ్ అధికారుల తీరుతో కలిగిన మనస్తాపం కూడా ఉంది. ఆ చేదును బలరాం తర్వాతి కాలంలో దాచుకోలేదు. అంతలోనే ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను మింగేసింది. అప్పటికి మూడు పదులు నిండలేదు. రైల్వే ఉద్యోగమే లేకపోతే మిగిలిన బతుకు ఎలా గడిచేదో ఊహించడం కష్టం కాదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో చాలా ఏళ్లు గడిపి, 2023 ఫిబ్రవరి 16న ఆయన కన్నుమూశారు. గ్యాలరీలో కూర్చున్నవాడికి కనిపించేది జెర్సీ రంగు. ఆటగాడి లెక్కలో కాళ్లకున్న ఆయుష్షూ, నెల జీతమూ, మర్యాదా అన్నీ ఉంటాయి.

రైల్వే అనే సూపర్ జట్టు

మన దేశంలో తారలంతా ఒకచోట చేరిన జట్టు కావాలంటే అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మహిళల బాస్కెట్‌బాల్‌లో చాలా ఏళ్లుగా భారతీయ రైల్వేదే పైచేయి. కేరళలో పుట్టిన గీతూ అన్నా జోస్ దక్షిణ రైల్వేలో చేరి రైల్వే జట్టుకే మూలస్తంభమయ్యారు. 2011లో అమెరికా మహిళల లీగ్ జట్ల దగ్గర తన సత్తాను పరీక్షించుకుని వచ్చారు. మహిళల క్రికెట్‌లోనూ అదే తంతు. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ దేశవాళీలో ఏళ్ల తరబడి ఆడింది రైల్వేస్‌కే. రాష్ట్రాలు పెంచిన మొక్కలను రైల్వే పట్టుకుపోతోందని సణిగినవాళ్లు ఉండొచ్చు గానీ, ఆ అమ్మాయిలను ద్రోహులన్నవాళ్లు లేరు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం విలువ ఏమిటో మధ్యతరగతి ఇళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

ఖరగ్‌పూర్ దీనికి ఎదురు దారినీ చూసింది. రాంచీ కుర్రాడు మహేంద్రసింగ్ ధోనీ 2001లో అదే కోటాలో ఇక్కడ టికెట్ ఎగ్జామినర్‌గా చేరారు. పగలు ప్లాట్‌ఫారం, తీరిక దొరికితే సెర్సా స్టేడియం. ఆ స్థిరమైన ఉద్యోగాన్ని వదులుకుని వెళ్లడం అప్పట్లో ఎవరికైనా తెలివితక్కువతనంగానే తోచి ఉంటుంది. 2011లో ప్రపంచకప్ ఎత్తిన తర్వాత ఆయన తమవాడేనని చెప్పుకోని ఖరగ్‌పూర్ వాసి లేడు.

ఇక ఐపీఎల్‌లో ఈ తగవు పుట్టే అవకాశమే తక్కువ. గుంటూరుకు చెందిన అంబటి రాయుడు ముంబై తరఫున 2013, 2015, 2017లలో, చెన్నై తరఫున 2018, 2021, 2023లలో మొత్తం ఆరు టైటిళ్లు అందుకున్నారు. కప్పుల వెంట పడ్డాడని ఆయనను ఎవరూ అనలేదు. కారణం ఒక్కటే. ఆయనను ముంబై నుంచి చెన్నైకి మార్చింది వేలంపాట. అంటే అభిమానికి మంట పుట్టించేది జట్టు మారడం కాదు. ఆటగాడు తన ఇష్టంతో మారడం. సుత్తి దెబ్బకు అమ్ముడుపోతే అభ్యంతరం లేదు, తన కాళ్లతో తాను నడిచి వెళితేనే నేరం. డ్యురాంట్ మీద కోపం ఎంత సహజమైనా, దాని అడుగున ఉన్న ఈ మెలిక అంత గర్వించదగ్గది కాదు.

ఊరు మారినవాళ్ల తీర్పు

బీఎన్‌ఆర్ 1887లో ఏర్పడింది. దాని వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో వెలిశాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు కదిలివచ్చాయి. వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే రైల్వే కింద ఉండటంతో రాకపోకలు సులువయ్యాయి. వచ్చినవాళ్లు తమ బడులు, గుళ్లు కట్టుకున్నారు. 1920ల చివర్లో ఉద్యోగాల కోతపై ఈ రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ముందు నిలిచింది తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. జీతం ఇచ్చేవాడికీ పనిచేసేవాడికీ మధ్య విశ్వాసం ఎంత దూరం నడుస్తుందో ఈ పట్టణానికి అప్పుడే తెలుసు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాని ఇల్లు రైల్వే క్వార్టర్స్‌లో ఉండదు. మెరుగైన బతుకు కోసం కన్న ఊరు వదిలిన తాతను ద్రోహి అన్న మనవడూ ఉండడు.

అలాగని అభిమాని బాధ ఉత్తిది కాదు. ఊరు వదిలినవాడిని తలచుకుని గుమ్మంలో కూర్చునే తల్లి బాధ లాంటిదే క్లీవ్‌లాండ్‌దీ ఓక్లహామాదీ. చిన్న ఊళ్లకు తార ఒక్కడే దిక్కు. వాడు వెళితే ఆట మీద ఆశే పోతుంది. పి.కె. బెనర్జీ, నోవిట్జ్‌కీ లాంటివాళ్లు మనసుకు దగ్గరవడం అందుకే. వాళ్లు ఇచ్చింది కానుక. దాన్ని కళ్లకద్దుకోవడం సబబు. కానీ కానుక ఇవ్వనివాడు దొంగ కాడు.

డ్యురాంట్‌కు వేయాల్సిన శిక్ష ఏదైనా ఉంటే దాన్ని ఆట ఎప్పుడో వేసేసింది. 2019 ఫైనల్స్‌లో గాయంతోనే కోర్టులోకి దిగి మడమ పై నరం తెగి కూలిపోయారు. ఏడాదికి పైగా మళ్లీ ఆడలేకపోయారు. గోల్డెన్ స్టేట్ వదిలాక ఏ జట్టుకూ కప్పు తేలేదు. సులువైన దారి పట్టాడన్నవాళ్లు ఆ దృశ్యాన్ని ఒకసారి మళ్లీ చూడాలి.

తాల్‌బగీచా టీ కొట్టు దగ్గర ఈ తగవు వచ్చే జూన్‌లోనూ తెగదు. ఏడింటికల్లా సైకిళ్లు వర్క్‌షాపు వైపు, పిల్లలు బడి వైపు కదులుతారు. ఒకవేళ ఆ కుర్రాడికి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తే, వాదన ఎటు నడిచినా సరే, ఇంట్లోవాళ్లు ఖరగ్‌పూర్ స్టేషన్‌కు వచ్చి రైలెక్కించి చెయ్యి ఊపుతారు.