వెన్నెల రాత్రి... డూప్ లేని హీరో!

సినిమాలో వెన్నెల కాసిందంటే మనకు తెలుసు, డ్యూయెట్ ఖాయం! హీరోయిన్ పైట ఎగురుతుంది, వెనకాల వయొలిన్లు మోగుతాయి. కానీ 1999 జూన్ 28 రాత్రి కాశ్మీరులోని ద్రాస్ కొండల మీద కాసిన పున్నమి వెన్నెల అలాంటిది కాదు. పైన బంకర్లలో మాటు వేసిన శత్రువుకి, కింద నుంచి ఎక్కివచ్చే మన జవాన్లను పట్టి చూపించే వెన్నెల అది. ఆ వెలుగులోనే పైకెక్కిన ఒక యువ ఆఫీసరు కథ ఇది.

ఆయన పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. ‘ఎక్కడో విన్నట్టుందే!’ అంటున్నారా? విన్నారు మరి! జె.పి.దత్తా తీసిన హిందీ చిత్రం ‘ఎల్.ఓ.సి. కార్గిల్’ 2003 డిసెంబర్‌లో విడుదలైంది. అందులో మన నాగార్జున వేసిన పాత్ర ఈయనదే.

మొన్న మా మెట్‌పల్లిలో ఒక హోటల్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల మీద కుర్రాళ్లు ఫోన్లో ఈ సినిమానే చూస్తున్నారు. సినిమాల గురించి రాస్తానని తెలిసి ఒకడు నన్ను పట్టుకున్నాడు. “అన్నా, నాలుగ్గంటల సినిమాల నాగార్జున గింతసేపేనా? సోలో ఫైటు ఒక్కటన్న పెట్టొద్దా?” అన్నాడు. నవ్వొచ్చింది. కానీ ప్రశ్న మంచిదే. నిజంగా ఆ రాత్రి జరిగిందేమిటో తెలిస్తే, సోలో ఫైటు ఎందుకు అక్కర్లేదో తెలుస్తుంది.

ఆచార్య పుట్టింది మన హైదరాబాదులోనే, 1968 జూన్ 21న. కుటుంబం మూలాలు ఒడిశావి. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసినవారు. కుర్రాడు ఉస్మానియా పట్టభద్రుడై, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో తర్ఫీదు పొంది, రాజపుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్లో చేరాడు. ఆ రెజిమెంటులో ఎక్కువమంది రాజపుత్రులు, జాట్లు. భాష వేరు, తిండి వేరు. హైదరాబాదులో పెరిగిన ఒక కుర్రాడు “పదండి” అంటే వాళ్లు ప్రాణాలకు తెగించి వెంట నడవాలి. అంత నమ్మకం భుజం మీద నక్షత్రాలు పెట్టుకున్నంత మాత్రాన వస్తుందా?

1999 మేలో మొదలైన కార్గిల్ పోరులో ఈ బెటాలియన్ జూన్ 13న తోలోలింగ్ శిఖరాన్ని పట్టింది. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు ఆ కొండ మీద నుంచి కనబడుతుంది. అంటే అక్కడ కూర్చున్న శత్రువు మన లారీలను వరసబెట్టి కొట్టగలడన్నమాట! తోలోలింగ్ దక్కినా, చుట్టుపక్కల కొండల్లో శత్రువు ఇంకా మిగిలే ఉన్నాడు. అందులో ఒక స్థావరాన్ని పట్టే పని ఆచార్య కంపెనీకి అప్పగించారు.

కంపెనీ అంటే వంద పైచిలుకు మంది, మూడు ప్లటూన్లు. దాడిలో కొందరు ముందు నడుస్తారు, ఒక ప్లటూనును రిజర్వులో ఉంచుతారు. పేకాటలో చివరికి దాచుకున్న ముక్క లాంటిదది. ఎప్పుడు వేయాలో కమాండర్ తేల్చుకోవాలి. తప్పుగా వేస్తే ఇక చేతిలో ఏమీ ఉండదు.

ఆ స్థావరం చుట్టూ మందుపాతరలు. పైన మెషిన్‌గన్‌లు. దాడి మొదలవుతూనే శత్రువు ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు ప్లటూను మీదే పడ్డాయి. జవాన్లు కుప్పకూలారు. దాడి అక్కడే ఆగిపోయేలా ఉంది. మరి బెటాలియన్ పథకమంతా ఈ ఒక్క స్థావరం మీదే ఆధారపడి ఉంది!

అప్పుడు ఆచార్య చివరి ముక్క వేశారు. రిజర్వు ప్లటూనును వెంటబెట్టుకుని, తానే ముందుండి ఆ గుండ్ల వానలోకి నడిపించారు. పక్కన మనుషులు పడిపోతున్నా మిగిలినవాళ్లకు ధైర్యం చెబుతూ నిట్రాయి లాంటి కొండను ఎక్కించారు. బంకరు దాకా పాకి గ్రెనేడ్లు విసిరారు. అక్కడే తీవ్రంగా గాయపడ్డారు. ఇక కదల్లేని స్థితి.

ఇప్పుడు చెప్పండి, మన సినిమాలో అయితే ఏం జరుగుతుంది? హీరో గాయానికి గుడ్డ కట్టుకుని లేస్తాడు, పదిమందిని పడగొడతాడు. లేదా స్నేహితుడి ఒళ్లో తల పెట్టుకుని రెండు పేజీల డైలాగు చెబుతాడు. ఆచార్య ఆ రెండూ చేయలేదు. తనను అక్కడే వదిలి శత్రువు మీద పడమని జవాన్లకు ఆజ్ఞ ఇచ్చారు. తాను పడినచోటు నుంచే కాల్పులు సాగించారు. వాళ్లు వెళ్లారు. స్థావరం దక్కింది. ఆ తర్వాతే ఆయన ప్రాణం పోయింది. ముప్పయి ఒకటో పుట్టినరోజు వెళ్లి అప్పటికి సరిగ్గా వారం!

ఆ పోరులోనే అదే బెటాలియన్‌తో ఉన్న కెప్టెన్ కెంగురుసే, కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా నేలకొరిగారు. థాపర్ వయసు ఇరవై రెండేళ్లే. ఆచార్యకు, కెంగురుసేకు మహావీర్ చక్ర, థాపర్‌కు వీర్ చక్ర మరణానంతరం ఇచ్చారు. మొత్తం కార్గిల్‌లో మనం పోగొట్టుకున్నది 527 మంది జవాన్లను.

యుద్ధభూమి నుంచి ఆచార్య తండ్రికి ఒక ఉత్తరం రాశారు. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకో భారత కథ చెప్పమని అందులో కోరారు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు రావాలని. కొన్ని నెలలకు కూతురు పుట్టింది. ఆ బిడ్డను ఆయన చూసుకోలేదు.

అందుకే, సోలో ఫైటు అడిగిన తమ్ముడూ, నువ్వు నాయకుడి కోసం తెర మీద ఒక్కడినే వెతికావు. నిజమైన నాయకుడి గొప్పతనం, తాను పడిపోయాక కూడా ఆగకుండా పైకెక్కినవాళ్లలో కనబడుతుంది. ఈసారి ఆ సినిమా పెట్టినప్పుడు నాగార్జునతో పాటు, వెనకాల పేర్లు తెలియని ఆ ముఖాలను కూడా ఒక్కసారి చూడండి. కొండ పట్టింది వాళ్లు. పట్టగలమని వాళ్లను నమ్మించింది ఆయన!